అక్క పెట్టిన గుర్తులు

పోయిన వారం నన్ను మీరు బస్సు మెట్టు మీద వదిలేసి వెళ్లారు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. కొత్తగా చదివేవాళ్లు తిట్టుకోకుండా జరిగిందేమిటో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మా అక్కా నేనూ ఒకే గ్రంథాలయంలో పనిచేస్తాం. ఆవిడ నాకంటే పెద్దది, నాకంటే ముందు చేరింది, నాకు పని నేర్పింది. కొన్నాళ్లుగా ఆవిడకు మతిమరుపు, అది జబ్బేనన్నాడు డాక్టరు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే రకం కాదు. పుస్తకం తెస్తానని అరల మధ్యకు వెళ్లి, ఎందుకు వెళ్లిందో, ఎటు తిరిగి రావాలో తెలియక అక్కడే నిలబడిపోయే రకం. ఈ సంగతి ఆఫీసులో చీమకు కూడా తెలియకుండా కాచుకొస్తున్నాను. ఇంతలో పైనుంచి ఉత్తర్వు వచ్చిపడింది. అన్ని శాఖల సిబ్బందీ కొత్తగా కట్టిన పెద్ద గ్రంథాలయాన్ని చూసి రావాలట. అక్కడే ఒక రోజు శిక్షణట. చివర్లో ఒక్కొక్కరి చేత పని చేయించి చూస్తారట. తడబడినవాళ్లను అరల దగ్గర నుంచి తప్పించి ఇంటికి పంపుతారట.

వద్దే అక్కా, జ్వరమని చెబుదాం అన్నాను. వింటేనా!

"నేను రాకపోతే నాకేదో అయిందనుకుంటారే," అంది. బస్సెక్కి, కిటికీ పక్క సీటు చూసుకుని దర్జాగా కూర్చుంది. ఇక నేనేం చేయను? రెండో కాలు కూడా లోపల పెట్టాను.

అక్కకు మొగుడు లేడు, పిల్లలు లేరు. నా దగ్గరే ఉంటుంది. పొద్దున్నే లేచి ఇవాళ పనుందా అని అడుగుతుంది. ఉందంటే మొహం విప్పారుతుంది. సెలవంటే ఆ రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటుంది. అరల దగ్గర నుంచి తప్పించారంటే ఇక బతికినన్నాళ్లూ ఆవిడకు ఆ గోడే గతి. ఇది నేను కడుపులో పెట్టుకుని తిరుగుతున్న భయం. అందుకే రోజూ అక్క స్నానానికి వెళ్లగానే, ఏదో పనుందని అబద్ధమాడి, ఆవిడ కంటే ముందు గ్రంథాలయానికి పరిగెడతాను. ముందురోజు ఆవిడ సర్దిన అరలన్నీ చూసుకుంటాను. చిత్రమేమిటంటే నంబర్లన్నీ వరుసగానే ఉంటాయి. కానీ అక్కడో పుస్తకం, ఇక్కడో పుస్తకం తలకిందులుగా ఉంటుంది. మా పనిలో అది చిన్న తప్పు కాదు. కొత్తగా చేరినవాళ్లు కూడా చేయరు. గబగబా అన్నీ తిప్పి సరిగ్గా పెట్టేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంటాను.

బస్సు కదిలింది. గ్రంథాలయం సిబ్బందిని ఒక బస్సులో వేస్తే ఎంత గోల ఉంటుందో మీరు ఊహించలేరు. ఏళ్ల తరబడి నోరు కట్టుకున్న కసంతా అక్కడ తీర్చుకుంటారు. అందరిలోకీ పెద్ద నోరు మా 'నిశ్శబ్దం'ది. పాఠకులను పొద్దస్తమానం 'నిశ్శబ్దం, నిశ్శబ్దం' అని గదమాయించి ఆ పేరు తెచ్చుకుంది. ఆవిడ గదమాయిస్తే పక్క వీధిలో కుక్కలు లేస్తాయి.

"ఏంటమ్మా, అక్కాచెల్లెళ్లిద్దరూ పరీక్షకి వెళ్తున్నట్టు బిగుసుకుపోయారు? చూస్తాం, తింటాం, వచ్చేస్తాం. దానికింత దిగులా?" అంది వెనక సీటులోంచి.

"నువ్వు కొంచెం ముందుకొచ్చి కూర్చోమ్మా. డ్రైవరుకి హారన్ కొట్టే బాధ తప్పుతుంది," అంది అక్క, వెనక్కి తిరక్కుండానే.

బస్సంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ క్షణాన అక్కకేం జబ్బు లేదు, డాక్టరు పొరబడ్డాడు అనిపించింది. ఇలాంటి క్షణాలే నన్ను ముంచుతున్నాయి. ఒక మంచి మాట అనగానే నేను అన్నీ మరిచిపోతాను. మతిమరుపు ఎవరికో నాకు తెలియడం లేదు.

ఆ కొత్త గ్రంథాలయాన్ని చూడగానే మావాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టారు. గోడలన్నీ అద్దాలే. తిరిగి ఇచ్చిన పుస్తకాన్ని ఒక కంతలో వేస్తే యంత్రం లాక్కుని, ఏ విభాగానిదో ఆ బుట్టలో పడేస్తుంది. మా నిశ్శబ్దం తన చేతిసంచీ కూడా అందులో వేయబోయింది, ఎక్కడికి వెళ్తుందో చూద్దామని. శిక్షణ ఇచ్చే అమ్మాయి పరుగెత్తుకొచ్చి ఆపింది. మెడకు మైకు తగిలించుకున్న చక్కటి పిల్ల, అందరినీ 'మేడమ్', 'సార్' అంటూ ఓపిగ్గా తిప్పింది. అసలు అద్భుతం వెనక హాలు. ఒకే ఎత్తు, ఒకే రంగు ఇనుప అరలు, వరుస వెనక వరుస, ఎటు చూసినా ఒకటే తీరు.

మాకో రోగం ఉంది, అది కూడా చెప్పేస్తాను. మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్లినా చేతులు ఊరుకోవు. మందుల కొట్టుకు వెళితే సీసాలు సర్దుతాం. చుట్టాలింటికి వెళితే వాళ్ల అలమరా సర్దుతాం, వాళ్లు మనసులో తిట్టుకుంటున్నా సరే. ఇక పరాయి గ్రంథాలయమంటే చెప్పాలా? ఆ అమ్మాయి ముందు మాట్లాడుతూ వెళుతుంటే, వెనక మావాళ్లు లోపలికి పోయిన పుస్తకాన్ని బయటికి లాగుతూ, వాలిపోయినదాన్ని నిలబెడుతూ నడిచారు. అలా చేస్తున్నామని కూడా మాకు తెలియదు.

అక్క మాత్రం నా చేతిసంచీ పట్టీ గట్టిగా పట్టుకుని నడిచింది. నా చెవిలో ఒకే ఒక్క మాట అంది.

"ఇక్కడ మూలలన్నీ ఒకేలా ఉన్నాయే."

"నేనున్నాను కదా," అన్నాను.

మధ్యాహ్నం పరీక్ష. దానికి ఆ పేరు పెట్టలేదు లెండి, 'చేసి చూద్దాం' అన్నారు. శిక్షణ గదిలో ఒక్కొక్కరికీ ఒక ఖాళీ రాక్, ఒక ట్రాలీ నిండా కలిపేసిన పుస్తకాలు. వెన్ను మీది నంబరు చూసి వరుసగా సర్దాలి, అంతే. నేను అక్క పక్క రాక్ దగ్గర చేరాను. ఎదురుగా కుర్చీలో మా పెద్దసారు కూర్చున్నాడు. శాఖలన్నింటికీ అధికారి. ఒకప్పుడు మా దగ్గరే కొత్తగా చేరి, అక్క దగ్గరే అరలు సర్దడం నేర్చుకున్నాడు. ఇప్పటికీ అక్కను 'అక్కయ్యగారూ' అనే పిలుస్తాడు. మంచి మనిషి. చెడ్డవాడైతే నాకు ఇంత భయం ఉండేది కాదు, తిట్టుకుని ఊరుకునేదాన్ని.

అక్క చేతులు కదిలాయి. ఏం చెప్పను! ట్రాలీలోంచి తీయడం, నంబరు మీద ఓ చూపు, అరలో పెట్టడం, మళ్లీ ట్రాలీ వైపు. శిక్షణ అమ్మాయి వచ్చి కాసేపు చూసి, "అబ్బ, ఎంత స్పీడు మేడమ్!" అనేసి వెళ్లింది. నా గుండెల మీది బండ దిగింది. నా ట్రాలీ సంగతి వదిలేసి అక్కనే చూస్తూ నిలబడ్డాను.

పై అర నిండింది. అప్పుడు అక్క ఆఖరి పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి, తలకిందులుగా పెట్టింది.

పెద్దసారు ఎటో చూస్తున్నాడు. నేను చప్పున చెయ్యి చాచి ఆ పుస్తకాన్ని సరిగ్గా పెట్టేశాను. అక్క చూడలేదు, కిందికి వంగి రెండో అర మొదలుపెట్టింది. అది నిండింది. మళ్లీ ఆఖరిది తలకిందులు. మళ్లీ నేను సరిచేశాను. ఇలాగే కొసదాకా నెట్టుకొచ్చేస్తామనుకున్నాను.

"ఒక్క నిమిషం అందరూ ఇటు చూడండి," అంది అమ్మాయి మైకులో. ఎవరో నంబరులో చుక్క తర్వాతి అంకె తప్పు చదివారట, అది వివరించింది. అక్క కూడా అటు తిరిగి శ్రద్ధగా విన్నది. "సరే, కానివ్వండి," అనగానే అందరూ వెనక్కి తిరిగారు.

అక్క కూడా తిరిగింది. చేతిలో ఒక పుస్తకం ఉంది. పై అర చూసింది, రెండో అర చూసింది, మళ్లీ పై అర. వేలితో పుస్తకాల వెన్నులు తడుముకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లింది. దేనికోసమో వెతుకుతోంది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. తర్వాత చేతిలోది కింద పెట్టి, సర్దిన పుస్తకాలను ఒక్కొక్కటే తీసి ట్రాలీలో వేయడం మొదలుపెట్టింది.

"మేడమ్, అవి సరిగ్గానే ఉన్నాయి కదా," అంది అమ్మాయి, దగ్గరికొచ్చి మెల్లగా.

అక్క ఆ పిల్ల మొహంలోకి చూసింది. "అమ్మా, ఇప్పుడు నేను పెట్టాలా, తీయాలా?" అని అడిగింది.

ఆ పాపిష్టి మైకు ఆ పిల్ల మెడలోనే ఉంది. గదంతా వినబడింది. అందరి చేతులూ ఆగిపోయాయి. పెద్దసారు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని, లేచి నిలబడ్డాడు. నాకు భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. ఇన్నాళ్లు దాచినదంతా ఒక్క మాటతో నడిబజారులో పడింది.

అక్కను రెక్క పట్టుకుని చేతులు కడుక్కునే గదిలోకి లాక్కుపోయాను. తలుపు వేశాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కోపంతో వణికిపోతోంది.

"నా గుర్తులు ఎవరు తీశారే?"

"ఏ గుర్తులక్కా?"

"తలకిందులుగా పెట్టానుగా! రెండు పెట్టాను. ఎవరు తిప్పారు?"

నాకు అర్థం కాలేదు.

"నువ్వు పొరపాటున తప్పు పెట్టావక్కా. ఎవరైనా చూస్తారని నేనే..."

"పొరపాటా?" అక్క గొంతు లేచింది. "నాకు పుస్తకం సరిగ్గా పెట్టడం రాదనుకున్నావా? నీకు నేర్పింది ఎవరే? ఎక్కడిదాకా అయిందో నాకు గుర్తుండట్లేదు. తిరిగి చూస్తే ఎక్కడున్నానో తెలియట్లేదు. అందుకని అర అయిపోగానే ఆఖరిది తిప్పి పెడతాను. అది కనబడితే ఇక్కడిదాకా అయింది, ఇక కిందది అని తెలుస్తుంది. మన దగ్గర కూడా అంతే. మలుపు మలుపుకీ ఒకటి తిప్పి పెట్టుకుంటాను. దాన్నుంచి దాని దాకా, దాన్నుంచి ఇంకోదాని దాకా నడిస్తే నా కుర్చీ వస్తుంది. బానే నడిచేది. కానీ కొన్నాళ్ల నుంచి ఏం జరుగుతోందో తెలియట్లేదు. సాయంత్రం పెట్టి వెళ్తాను, పొద్దున వచ్చేసరికి ఒక్కటీ ఉండదు. నేనే పెట్టలేదా, పెట్టాననుకున్నానా? నాకు పిచ్చెక్కుతోంది అనుకున్నానే. రోజూ అనుకున్నాను."

కుళాయి ఎవరో సరిగ్గా కట్టేయలేదు, నీళ్లు కారుతున్నాయి. దాన్ని బిగించాను. ఇప్పుడు చూడండి, ఆ సమయంలో కూడా సరిచేయడానికి నాకు ఏదో ఒకటి దొరికింది.

అక్క జబ్బు ముదురుతోందని నేను డాక్టరు దగ్గర ఏడ్చాను. పొద్దున రాగానే అరల మధ్య బొమ్మలా నిలబడిపోతోందని చెప్పాను. ఆవిడ నిలబడింది గుర్తు కనబడక. ఆ గుర్తులను రోజూ ఆవిడ కంటే ముందెళ్లి తుడిచేసింది నేను. ఎంత శ్రద్ధగా, ఎంత ప్రేమగా తుడిచానో! దొంగ కూడా ఇంత శుభ్రంగా దోచడు.

"నేనే అక్కా," అన్నాను. "రోజూ తీసింది నేనే."

అక్క అద్దంలో నా వంక చూసింది, నేరుగా కాదు.

"నువ్వా?"

"తప్పులనుకున్నాను. ఎవరైనా చూస్తే నిన్ను తీసేస్తారని భయపడ్డాను. నాకు ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెప్తే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడుస్తుంటే నాకు భయమేస్తుంది. నువ్వేమో నన్ను అడగలేదు. ఇదేంటక్కా ఇలా పెట్టావని ఒక్కసారన్నా అడిగావా? పక్కపక్కనే తిన్నాం, ఒకే గదిలో పడుకున్నాం."

అక్క మొహం కడుక్కుంది, తుడుచుకుంది. ఆవిడ కోపం అంతలోనే ఎటో పోయింది. దేనికి కోపం వచ్చిందో మరిచిపోయిందేమో, లేక నన్ను క్షమించిందో, అది కూడా నాకు తెలియదు. ఏది నిజమైనా నాకు ఏడుపే.

తలుపు మీద ఎవరో తట్టారు. పెద్దసారు నన్ను పిలుస్తున్నాడట, ఒక్కదాన్నే రమ్మన్నాడట.

"వెళ్లు," అంది అక్క. "నేను ఆ వెనక హాలు చూసొస్తాను."

"వద్దక్కా, ఇక్కడే కూర్చో. ఇప్పుడే వచ్చేస్తా."

"ఎందుకు? తప్పిపోతాననా? గుర్తులు పెట్టుకుంటూ వెళ్తాను, చూసుకుంటూ తిరిగొస్తాను. నువ్వు కూడా వాటి వెంటే రా, నేను దొరుకుతాను. చూడు, ఎంత తేలికో నీకే తెలుస్తుంది." కాస్త ఆగి నా చెయ్యి పట్టుకుంది. "ఈసారి మాత్రం ముట్టుకోకు."

"ముట్టుకోను."

"ఒట్టు?"

"ఒట్టక్కా."

ఎందుకు వెళ్లనిచ్చావని మీరు అడుగుతారు. అడగండి. ఇంతకాలం ఆవిడ దారులన్నీ మూసేసిన నేను, అప్పుడే ఇంకో దారి మూయలేకపోయాను. పైగా నాలుగు గోడల మధ్య హాలు, పరీక్ష ముగించుకున్న మావాళ్లంతా అందులోనే తిరుగుతుంటారు. ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

పెద్దసారు ఒక చిన్న గదిలో కూర్చుని ఉన్నాడు. ముందు టీ చల్లారిపోయి ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

"కొన్నాళ్ల నుంచి సార్."

"నాతో చెప్పాల్సింది."

"చెప్తే ఏం చేసేవారు సార్?"

ఆయన కప్పును అటు ఇటు జరిపాడు. "నాకు ఈ పని నేర్పింది అక్కయ్యగారు. ఆవిడను తప్పించమని నేను ఎలా రాస్తానమ్మా? కానీ ఇవాళ అందరూ చూశారు. రాయకపోతే రేపు నన్ను అడుగుతారు."

అప్పుడు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, అంతా చెప్పేశాను. గుర్తుల సంగతి, నేను రోజూ వాటిని తిప్పేసిన సంగతి, ఇందాక ఆయన కళ్ల ముందే రెండు తిప్పిన సంగతి. "ఆవిడ తప్పు చేయలేదు సార్. నేను చేశాను. ఆ రెండు పుస్తకాలు వదిలేసి ఉంటే ఆవిడ అందరికంటే ముందు ముగించేది. కావాలంటే నా ఉద్యోగం తీసేయండి, ఆవిడ గుర్తులు ఆవిడకు వదిలేయండి." ఏడవనని అనుకున్నాను గానీ ఏడ్చాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని లేచాడు.

"పదండి. ఆవిడ చేత ఇంకోసారి సర్దిద్దాం. ఎవరూ పక్కన నిలబడొద్దు, ఎవరూ చెయ్యి పెట్టొద్దు. ముగించిందంటే నేను రాసేది వేరే ఉంటుంది."

ఆయన కంటే ముందు నడిచాను. నడవలేదు, పరిగెత్తాను. అక్కా, నీ గుర్తులు గెలిచాయే అని చెప్పాలని గుండె కొట్టుకుంటోంది.

వెనక హాలు గుమ్మంలో ఆగి మొదటి వరుస చివర చూశాను. తలకిందులుగా ఏదీ లేదు. రెండో వరుస. లేదు. మలుపు తిరిగి చూశాను. పుస్తకాలన్నీ తలెత్తుకుని, వరుస కట్టి, ఒక్కటీ తప్పకుండా నిలబడి ఉన్నాయి. అంత చక్కగా సర్దిన హాలును నేను నా జన్మలో చూడలేదు.

మలుపులోంచి నిశ్శబ్దం ఎదురొచ్చింది, వెనక మావాళ్లు నలుగురైదుగురు. అందరి మొహాల్లోనూ పని చేసిన తృప్తి. చేతులు దులుపుకుంటున్నారు.

"చూశావా ఈ కొత్త గ్రంథాలయం గొప్ప!" అంది ఆవిడ, హాలు దద్దరిల్లేలా. "అద్దాలంట, యంత్రాలంట! అడుగడుక్కీ ఓ పుస్తకం తలకిందులు. మలుపు తిరిగితే చాలు ఒకటి. సిగ్గుండక్కర్లేదూ? మేమే అన్నీ సరిచేసుకుంటూ వస్తున్నాం. వీళ్లకి మనమే శిక్షణ ఇవ్వాలి!"

నేను ఆవిడ మీదికి వెళ్లాననుకుంటాను. భుజాలు పట్టుకుని ఊపేశానట, తర్వాత చెప్పారు. "మా అక్క ఎక్కడ? మా అక్కని చూశారా?" అంటే ఆవిడ నోరు మొదటిసారి నిజంగా మూతపడింది. చూడలేదు. ఎవరూ చూడలేదు. అందరూ పుస్తకాలను చూశారు.

ఆవిడను తిట్టడానికి నాకు నోరెక్కడిది? రోజూ నేను చేసిందే వాళ్లు ఒక పూట చేశారు.

అన్ని వరుసలూ ఒకేలా ఉన్నాయి. అన్ని మూలలూ ఒకేలా ఉన్నాయి. "అక్కా!" అని అరిచాను. గ్రంథాలయంలో గొంతెత్తడం నా ఉద్యోగంలో అదే మొదలు. చదువుకుంటున్నవాళ్లు తలెత్తి విసుక్కున్నారు. పెద్దసారు ఒక వైపు, నేను ఇంకో వైపు వరుసలన్నీ వెతుక్కుంటూ హాలు కొసకు చేరాం.

అక్కడ ఆఖరి రాక్ ఆఖరి అరలో, ఒక్క పుస్తకం తలకిందులుగా ఉంది. మావాళ్లు ఇంకా ఇంతదాకా రాలేదు. పెద్దసారు దాన్ని చూశాడు. ఆయన చెయ్యి దానంతట అదే లేచింది, తిప్పి పెట్టడానికి.

"ముట్టుకోకండి సార్!" అని అరిచాను.

ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆ రాక్ పక్కనే ఒక తలుపు, పుస్తకాల పెట్టెలు దింపుకునేది, బార్లా తెరిచి ఉంది. బయట రోడ్డు. సాయంత్రం రద్దీ, బస్సులు, ఇళ్లకు పరుగెత్తే జనం. పెట్టెలు మోసే మనిషి గడప మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు.

"ఇటు ఒకావిడ వచ్చారా? పెద్దావిడ, నా పోలికే ఉంటుంది," అన్నాను.

ఆయన నా మొహంలోకి పరకాయించి చూశాడు. "వచ్చారమ్మా, ఇందాకే. కంగారుగా ఉన్నారు. నేను పెట్టినవి ఒక్కటీ లేవు, మళ్లీ ఎవరో తీసేశారు అంటున్నారు. మా చెల్లెలు ఇటు వెళ్లిందా అని అడిగారు. అప్పుడే ఎవరో ఒకావిడ బస్సెక్కుతోంది, మీ ఈడే ఉంటుంది. ఆవిడేమో అనుకుని, అదిగో ఆ బస్సులో అన్నాను. గబగబా వెళ్లి ఎక్కేశారు."

"ఏ బస్సు?" అన్నాను.

"చూడలేదమ్మా," అన్నాడు.